ఇటలీ టమాటాను పుట్టిన వరుసలో వండుకోవడం ఎలా

"రెడ్ సాసా, వైట్ సాసా?" హైదరాబాదులో ఏ కెఫేకి వెళ్లి పాస్తా అడిగినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఏదీ తేల్చుకోలేని వాళ్ల కోసం పింక్ సాస్ కూడా పుట్టించాం. ఇటలీలో ఎవరూ ఇలా అడగరు. ఏ వంటకంలో టమాటా పడాలి, ఎంత పడాలి, అసలు పడాలా వద్దా అన్నది ఆయా ఊళ్ల వంటే తేల్చేసింది. అదీ ఈమధ్యే తేల్చింది. పాస్తా మీద టమాటా వేసే అలవాటు వయసు అటూ ఇటూగా రెండు వందల ఏళ్లు.

ఆ రెండు వందల ఏళ్లనూ చదివితే పేర్లు, సంవత్సరాలు రెండో రోజుకే మరిచిపోతాం. వండితే నాలుక గుర్తు పెట్టుకుంటుంది. అందుకే ఈ పద్ధతి: టమాటా లేని గిన్నెతో మొదలుపెట్టి, ఇటలీ వంటింట్లోకి టమాటా ఏ వరుసలో వచ్చిందో అదే వరుసలో వండుకుంటూ వెళ్దాం. ఒక్క రోజులో అన్నీ పెట్టుకోకండి. మూడు నాలుగు ఆదివారాల పని.

ముందు కాయల సంగతి

మన బజార్లో రెండు రకాలు దొరుకుతాయి. గుండ్రంగా, పలచని తోలుతో, పుల్లగా, రసం ఎక్కువగా ఉండే నాటు టమాటా ఒకటి. కోలగా, గట్టి తోలుతో, కండ ఎక్కువగా ఉండి బెంగళూరు టమాటా అని అమ్మేది రెండోది. సాస్‌కు కండ కావాలి, రుచికి పులుపు కావాలి. రెండు పాళ్లు కోలవి, ఒక పాలు నాటువి కలిపితే బాగా కుదురుతుంది. కొన్న రోజే వండకండి. ఫ్రిజ్‌లో పెట్టకుండా రెండు మూడు రోజులు బయట బుట్టలో వదిలేసి, తొడిమ దగ్గర వాసన వచ్చేదాకా ఆగండి. చలికి టమాటా వాసన చచ్చిపోతుంది.

గిన్నె స్టీలుదై, అడుగు మందంగా ఉండాలి. ఇనుప మూకుడు వద్దు, పులుపుకు లోహం రుచి దిగుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ధనియాల పొడి అలమరలోనే ఉండనివ్వండి. నేను మొదటిసారి చేసినప్పుడు అలవాటు కొద్దీ అల్లం వెల్లుల్లి వేయించి, చివర్లో కొత్తిమీర కూడా చల్లాను. ఇంట్లో వాళ్లు రుచి చూసి, "బాగుంది, చపాతీలు ఎక్కడ?" అన్నారు.

మొదటి గిన్నె: టమాటా లేనిది

నలుగురికి 400 గ్రాముల స్పగెట్టి తీసుకోండి. నాలుగు లీటర్ల నీళ్లు మరిగించి 40 గ్రాముల ఉప్పు వేయండి. ఇంత ఉప్పా అని భయపడకండి, చాలావరకు వార్చిన నీళ్లతోనే పోతుంది. ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే వార్చేసి, ఒక గ్లాసు నీళ్లు పక్కన పెట్టుకోండి. పొయ్యి ఆపేసిన గిన్నెలో పాస్తా, కొద్దిగా ఆ నీళ్లు, తురిమిన గట్టి చీజ్ ఓ 80 గ్రాములు, అప్పటికప్పుడు దంచిన మిరియాలు వేసి గబగబా కలపండి.

పద్దెనిమిదో శతాబ్దంలో నేపుల్స్ వీధుల్లో పెద్ద పెద్ద గుండిగల్లో ఉడికించి అమ్మిన పాస్తాకు ఇది దగ్గరి చుట్టం. జనం చేత్తో పైకెత్తి, తల వెనక్కి వంచి, నోట్లోకి జార్చుకునేవాళ్లు. పైన తురిమిన చీజ్ తప్ప ఏమీ ఉండేది కాదు. అంతకు ముందు గొప్పింటి వాళ్లు పాస్తా మీద చీజ్‌తో పాటు చక్కెర, దాల్చిన చెక్క పొడి కూడా చల్లుకునేవాళ్లు. ఈ గిన్నె తినేటప్పుడు ఒకటి గమనించండి: ఏదో తక్కువైందని అనిపించదు. టమాటా వచ్చింది ఏ లోటూ లేని విస్తట్లోకి.

రెండో గిన్నె: కాల్చిన సాస్

ఆరు పండిన టమాటాలు తీసుకోండి. బొగ్గుల మీద, అవి లేకపోతే గ్యాస్ మంట మీద నేరుగా పెట్టి, పట్టకారుతో తిప్పుతూ తోలు నల్లబడి పగిలేదాకా కాల్చండి. చల్లారాక తోలు తీసేయండి. అక్కడక్కడా నల్ల చుక్కలు మిగిలినా ఫరవాలేదు. కడగడం మాత్రం చేయకండి, కాల్చిన రుచంతా నీళ్లలో పోతుంది. మిక్సీ వైపు చూడకుండా కత్తితోనే సన్నగా తరగండి. చిన్న ఉల్లిపాయ, ఒకటో రెండో పచ్చిమిరపకాయలు కూడా అంతే సన్నగా తరిగి కలపండి. థైమ్ ఆకు కావాలి. దొరక్కపోతే చిటికెడు వాము అరచేతిలో నలిపి వేయండి. ఆ ఆకు వాసనకూ, వాము వాసనకూ మూలం ఒకటే, థైమాల్. ఉప్పు, రెండు చెంచాల ఆలివ్ నూనె, ఒక చెంచా వెనిగర్ వేసి కలిపితే అయిపోయింది.

రుచి చూడగానే "ఇది మన కాల్చిన టమాటా పచ్చడే కదా" అంటారు. నేనూ అదే అన్నాను. కానీ ఇటలీ వంట పుస్తకాల్లో అచ్చయిన తొలి టమాటా సాస్ ఇదే. ఆంటోనియో లాటీని అనే పెద్ద వంట పర్యవేక్షకుడు నేపుల్స్‌లో 1692, 1694లలో రెండు సంపుటాలుగా వేసిన పుస్తకంలో ఉంది. ఆయన దీనికి పెట్టిన పేరు "స్పెయిన్ పద్ధతిలో టమాటా సాస్". అప్పట్లో నేపుల్స్ స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. టమాటా, మిరప రెండూ మెక్సికో నుంచి స్పెయిన్ వాళ్ల ఓడల్లో వచ్చినవే. కాల్చి, తరిగి, మిరపతో కలిపే ఈ పద్ధతిలోనూ మెక్సికో చెయ్యి కనిపిస్తుంది. లాటీని దీన్ని ఉడికించిన మాంసానికి నంజుగా వడ్డించమన్నాడు. పాస్తా ఊసే లేదు. మీరు ఉడికించిన కోడిగుడ్డుతో తినండి. వేడి అన్నంలో కలుపుకుంటే నేను అడ్డు చెప్పను.

ఇక్కడ కాస్త ఆగాలి. టమాటా ఇటలీకి వచ్చింది లాటీని కాలంలో కాదు, దానికి నూట యాభై ఏళ్ల ముందే. సియెనాకు చెందిన వైద్యుడు పియెత్రో ఆంద్రెయా మత్తియోలీ 1544లోనే ఈ కాయ గురించి రాశాడు. వంకాయకు చుట్టంలా ఉందనీ, దాని లాగే నూనెలో వేయించి ఉప్పు, మిరియాలతో తింటారనీ అన్నాడు. 1554 నాటి ముద్రణలో 'పోమి దోరో', అంటే బంగారు పండ్లు, అనే పేరు చేర్చాడు. ఇవాళ్టి ఇటాలియన్ మాట 'పొమోదోరో' అదే. 1548 అక్టోబరు 31న పీసాలో ఉన్న ఫ్లోరెన్స్ పాలకుడు, మెదీచీ వంశపు కోసిమో ఇంటికి, ఫ్లోరెన్స్ దగ్గరి తోట నుంచి ఒక బుట్టెడు టమాటాలు వచ్చాయి. బుట్ట క్షేమంగా చేరిందని ఇంటి పెత్తందారు ఉత్తరం కూడా రాశాడు. కూరగాయల బుట్ట చేరిందని ఉత్తరం రాశారంటే అది ఇంకా వింత వస్తువేనన్న మాట.

దాన్ని అంతకాలం అనుమానంగా చూడటానికి కారణం దాని వంశం. ఉమ్మెత్త లాంటి విషపు మొక్కల కుటుంబంలోదే టమాటా కూడా. అప్పటికి ఇటలీ వాళ్లు వంకాయనే సరిగ్గా నమ్మలేదు, 'మెలన్జానా' అన్న దాని పేరును 'పిచ్చెక్కించే పండు' అని విడదీసుకునేవాళ్లు. మన పెద్దలు పెట్టిన పేర్లు చూడండి: రామములగ, సీమవంగ. ములక కూడా వంగ జాతి మొక్కే. చెట్టును చూసి చుట్టరికం పట్టేయడంలో సియెనా వైద్యుడికీ, మన ఊరి రైతుకూ తేడా లేదు.

మూడో గిన్నె: పాస్తాతో పెళ్లి

నేపుల్స్‌కే చెందిన ఇప్పోలితో కవల్కాంతీ అనే డ్యూక్ తన వంట పుస్తకం 1839 ముద్రణకు ఇళ్లలో చేసుకునే వంటలతో ఒక భాగం జోడించాడు. దాన్ని బడి ఇటాలియన్‌లో కాకుండా నేపుల్స్ యాసలో రాశాడు. టమాటాలతో వెర్మిచెల్లి అందులో ఉంది. ఆ పేరు విని సేమ్యా ప్యాకెట్ కోసేయకండి. ఇటలీలో వెర్మిచెల్లి అంటే స్పగెట్టి కన్నా కాస్త లావుగా ఉండే తీగ పాస్తా. స్పగెట్టి వాడుకోవచ్చు.

కిలో టమాటాలను నాలుగు చెక్కలుగా కోయండి. గింజలు, వాటి చుట్టూ ఉన్న నీరు వేలితో తీసి పక్కన పెట్టండి. రేపటి చారుకు పనికొస్తుంది. చెక్కల్ని గిన్నెలో వేసి, నీళ్లు పోయకుండా మూత పెట్టి, సన్నని మంట మీద పది నిమిషాలు మగ్గించండి. మెత్తబడ్డాక స్టీలు జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో నొక్కండి. తోలు పైన మిగిలి, గుజ్జు కిందికి దిగుతుంది.

మిక్సీ ఎందుకు వద్దంటున్నానో కూడా చెబుతాను. మిక్సీ గింజల్ని కూడా నలుపుతుంది, చేదు వస్తుంది. పైగా గుజ్జులోకి గాలి కొట్టి ఎర్రని సాస్‌ను నారింజ రంగు నురగగా మారుస్తుంది. కెఫేలో తినే రెడ్ సాస్ ఆ రంగులో ఎందుకుంటుందో మీకే అర్థమవుతుంది.

కవల్కాంతీ ఈ గుజ్జును పంది కొవ్వుతో దగ్గరపెట్టాడు. మీరు నాలుగు పెద్ద చెంచాల ఆలివ్ నూనె పోయండి. ఉప్పు వేసి, మూత తీసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే అది వెంటనే పూడుకోకుండా ఒక క్షణం నిలవాలి. అంచుల్లో నూనె తేలడం మొదలైతే అయినట్టే, ఈ గుర్తు మనకు కొత్త కాదు.

ఈలోగా పాస్తా వేరే గిన్నెలో ఉడుకుతుండాలి. ఇక్కడ నేపుల్స్ వాళ్ల మాట ఒకటి భలే నచ్చుతుంది నాకు. కాస్త బిరుసుగా ఉండగానే దించాలని చెప్పడానికి వాళ్లు "విఎర్ద్ విఎర్ద్" అంటారు, అంటే "పచ్చపచ్చగా". పండని కాయ పచ్చి, ఉడకని పాస్తా కూడా పచ్చి. ఇంగ్లీషు వాడికి వివరించాలంటే రెండు వాక్యాలు కావాలి, మనకు ఒక్క మాట చాలు. అలా పచ్చిపచ్చిగా, ప్యాకెట్ సమయానికి రెండు నిమిషాల ముందే తీసి సాస్ గిన్నెలో వేయండి. ఒక గరిటెడు పాస్తా ఉడికిన నీళ్లు పోసి, పెద్ద మంట మీద ఆ మిగిలిన రెండు నిమిషాలు ఎగరేస్తూ కలపండి. పాస్తా నీళ్లలోని పిండి, నూనె, గుజ్జు కలిసి ప్రతి తీగకూ అంటుకుంటాయి. ప్లేట్‌లో పాస్తా పెట్టి పైన సాస్ పోయడం మన దగ్గర చాలా చోట్ల చూస్తాం. అలా చేస్తే రెండూ విడివిడిగానే ఉండిపోతాయి, అడుగున నీళ్లు ఊరతాయి.

మొదటి గిన్నె రుచి గుర్తు తెచ్చుకుని ఇది తినండి. చీజ్ ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు ముద్దలకు మొహం మొత్తేది. ఇప్పుడు పులుపు ఆ బరువును కోసేస్తుంది. పాస్తా కోసమే టమాటా పుట్టిందని ఇటలీ వాళ్లు నమ్మడం మొదలుపెట్టింది ఇక్కడి నుంచే.

నాలుగో గిన్నె: అన్నీ ఒకేసారి

పెల్లెగ్రీనో అర్తూజీ వంటవాడు కాదు, వ్యాపారి. రోమాన్యా ప్రాంతంలో పుట్టి ఫ్లోరెన్స్‌లో స్థిరపడి, 1891లో సొంత డబ్బుతో వంట పుస్తకం వేసుకున్నాడు. ఇటలీ ఒక్క దేశంగా ఏర్పడి అప్పటికి ముప్పై ఏళ్లే. ఈ పుస్తకం ఇంటింటికీ చేరింది. టమాటా సాస్ దగ్గర ఆయన ఒక పిట్టకథ చెప్తాడు. రోమాన్యాలో ఒక ఊళ్లో ఒక చర్చి ఫాదర్ ఉండేవాడట, ప్రతి ఇంటి విషయంలోనూ తలదూర్చేవాడట. ఊరి వాళ్లు ఆయనకు "దోన్ పొమోదోరో", టమాటా గారు, అని పేరు పెట్టారట, టమాటా కూడా ప్రతి గిన్నెలోనూ దూరుతుంది కాబట్టి. లాటీని నుంచి రెండు వందల ఏళ్లలో బుట్టలోని వింత కాయ ఊరి మీద పడ్డ మనిషైపోయింది.

చేసే విధానం చిన్నదే. పావు ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి రెబ్బ, వేలెడు సెలెరీ కాడ, కొన్ని బేసిల్ ఆకులు, కొద్దిగా పార్స్లీ సన్నగా తరగండి. ఏడెనిమిది టమాటాలను చేత్తో చిదిమి వేయండి. ఉప్పు, మిరియాల పొడి, నూనె వేసి అన్నీ కలిపి ఒకేసారి పొయ్యి మీద పెట్టండి. తాలింపు లేదు, వేయించడం లేదు. మన చెయ్యి ఊరుకోదు, తెలుసు. ఒక్కసారికి ఊరుకోనివ్వండి. మీగడలా చిక్కబడ్డాక జల్లెడలో వడగట్టండి. బేసిల్ అంటే మన తులసి చుట్టమే, అయినా పూజ తులసి వేయకండి, ఘాటు మొత్తం మింగేస్తుంది.

ఇలా కూరలు, ఆకులు పడ్డదాన్నే అర్తూజీ 'సాల్సా' అన్నాడు. ఊరికే ఉడికించి వడగట్టిన టమాటాను 'సూగో' అన్నాడు, రెండిటినీ కలపొద్దన్నాడు. ఇవాళ ఇటలీలోనే అందరూ ఆ తేడా పాటించరు.

ఈ నాలుగూ వచ్చాక మిగతావి మీరే పట్టుకోగలరు. పిజ్జాకైతే అసలు ఉడికించక్కర్లేదు: టమాటాను చేత్తో నలిపి ఉప్పు వేసి పచ్చిగానే పరుస్తారు, పొయ్యి వేడే దాన్ని ఉడికిస్తుంది. నేపుల్స్‌లో ఆదివారం చేసే రగూ అనే మాంసం సాస్‌కు మాంసం ముక్కలు టమాటాలో గంటల తరబడి ఉడకాలి. ఆ సన్నని బుడగల చప్పుడుకు వాళ్లు 'పిప్పియారే' అనే క్రియ పుట్టించుకున్నారు, మన కుతకుత లాంటిదే. బోలోన్యా రగూ మాత్రం ఎర్రగా ఉంటుందని ఆశపడకండి. 1982లో ఆ ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేసిన పద్ధతిలో మాంసం, పాలదే పెత్తనం, టమాటా కొద్దిగానే పడుతుంది. రోమ్‌లో గ్రీచా అనే పాస్తాలో పంది బుగ్గ మాంసం, చీజ్ ఉంటాయి. దానికే టమాటా చేరిస్తే అమత్రిచానా అవుతుంది. ఒకదాని పక్కన ఒకటి తింటే టమాటా ఎప్పుడొచ్చి చేరిందో నాలుకే చెప్తుంది.

సీసా

దక్షిణ ఇటలీలో ఆగస్టు నెలలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు సీసాలకెత్తుతారు. పాత నూనె డ్రమ్ములో సీసాలు పేర్చి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డలు కుక్కి, కింద కట్టెలు పెట్టి మరిగిస్తారు. మనింట్లో ఎండాకాలం ఊరగాయల హడావుడి చూసినవాళ్లకు ఆ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. సిసిలీలో అయితే గుజ్జును చెక్క పలకల మీద పరిచి, ఉప్పు వేసి, ఎండలో ముద్దగా ఇగరబెట్టి 'స్త్రాత్తు' చేస్తారు.

మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోసే రోజులు ఏటా చూస్తున్నాం. 2023 జూలైలో కిలో 150 దాటిన రోజులూ చూశాం. చవకగా ఉన్నప్పుడు ఓ ఐదు కిలోలు తెచ్చి ఇలా చేయండి.

మూడో గిన్నెలో లాగే మగ్గించి, జల్లెడ పట్టి, మూడో వంతు ఇగిరేదాకా ఉడికించండి. ఉల్లి, వెల్లుల్లి, నూనె వేయకండి. అరలీటరు గాజు సీసాలు, మూతలు మరిగే నీళ్లలో వేసి తీయండి. ఒక్కో సీసాలో ఒక పెద్ద చెంచా నిమ్మరసం, ఇష్టమైతే ఒక బేసిల్ ఆకు వేసి, వేడి గుజ్జు పోయండి. పైన వేలి మందమంత ఖాళీ వదిలి మూత బిగించండి. నిమ్మరసం రుచి కోసం కాదు, మానకండి. కొన్ని టమాటాల్లో పులుపు సరిపోదు, పులుపు తక్కువైన సీసాలో గాలి లేని చోట పెరిగే బ్యాక్టీరియా విషాన్ని పుట్టిస్తుంది, దాంతో వచ్చే బాట్యులిజం ప్రాణం తీస్తుంది. పెద్ద గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి, మరుగు పట్టాక 40 నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. తర్వాత ఎప్పుడైనా మూత ఉబ్బినట్టున్నా, తీస్తే బుస్సుమన్నా రుచి చూడకుండా పారేయండి.

ఇదంతా టెన్షన్ అనిపిస్తే గుజ్జును డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. నేను చేసేది అదే.

డబ్బా కొనాల్సి వస్తే

సిగ్గుపడక్కర్లేదు, ఇటలీ వాళ్లే ఏడాది పొడవునా డబ్బాతోనే వండుతారు. ఏటా 50 లక్షల టన్నులకు అటూ ఇటూగా టమాటా అక్కడి ఫ్యాక్టరీలకు వెళ్తుంది. డబ్బా మీద 'పెలాతి' అని ఉంటే తోలు తీసిన నిండు కాయలు. వాటినే ఎక్కువగా కొనండి, చేత్తో చిదిమితే కరిగిపోతాయి. ముక్కలుగా కోసి అమ్మేవాటిలో చాలాసార్లు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. అది ముక్కను గట్టిగా ఉంచుతుంది, ఎంతసేపు ఉడికించినా సాస్‌లో కలవనివ్వదు. 'పస్సాతా' అంటే వడగట్టిన గుజ్జు. 'కాంచెంత్రాతో' ముద్ద, డబుల్ అని ఉంటే అందులో కనీసం 28 శాతం గట్టి పదార్థం ఉండాలి, ట్రిపుల్‌లో 36 శాతం. ఒక చెంచా చాలు, రంగుకూ చిక్కదనానికీ.

సాన్ మర్జానో అనే టమాటా పేరుకు ఎక్కువ ధర పెడుతున్నట్లయితే డీఓపీ ముద్ర, అంటే పండిన ప్రాంతాన్ని ధ్రువీకరించే గుర్తు, చూసుకోండి. వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర, సార్నో, నొచేరా ఊళ్ల చుట్టుపక్కల పండిన వాటికే 1996 నుంచి ఆ గుర్తింపు ఉంది. ముద్ర లేకుండా పేరొక్కటే ఉంటే అది విత్తనం పేరే, నేల పేరు కాదు. నన్నడిగితే రోజువారీ సాస్‌కు మామూలు పెలాతి చాలు.

చవక డబ్బా వెనక ఇంకొకటుంది. దక్షిణ ఇటలీలోని ఫోజ్జా జిల్లా పొలాల్లో కాయలు కోసేవాళ్లలో చాలామంది ఆఫ్రికా నుంచి వచ్చిన వలస కూలీలు. వాళ్ల కూలిలోంచి వాటా కోసుకునే దళారిని 'కపొరాలే' అంటారు, మన గుంపు మేస్త్రీ అనుకోండి. ఈ దోపిడీని అరికట్టడానికి 2016లో ఇటలీ ప్రత్యేక చట్టం చేసింది. ఇప్పటికీ అక్కడి పేపర్లలో ఆ వార్తలు ఆగలేదు.

డబ్బా ఖాళీ అయ్యాక పారేయకుండా, పావు వంతు నీళ్లు పోసి తిప్పి ఆ ఎర్రనీళ్లు కూడా గిన్నెలో పోసేయండి. మిగిలిపోయిన కాయల్ని డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెట్టకండి, గాజు సీసాలోకి మార్చి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. ముద్దనైతే చెంచా చొప్పున ఐస్ ట్రేలో పెట్టి గడ్డ కట్టించుకోండి.